నిజమేనా అత్తయ్య

బట్టలకు మరమ్మతులు చేసే ఆవిడను వీధిలో చిన్నాపెద్దా అందరూ ‘నిజమేనా అత్తయ్య’ అనే పిలుస్తారు. ఎవరైనా సామెత చెబితే చాలు, కుట్టుమిషన్ ఆపి, కళ్లజోడు మీదుగా చూసి, "నిజమేనా?" అంటుంది. అని ఊరుకోదు, తేల్చుకునేదాకా ఆవిడకు నిద్రపట్టదు. మొరిగే కుక్క కరవదంటే దాని ఎదుట నిలబడి చూసింది. పిక్క మీద మచ్చ మిగిలింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటే పక్కింటావిడతో వారంపాటు గిన్నెలు మార్చుకుంది. "ఉప్పెక్కువే. కానీ మనం వండక్కర్లేదు చూడు, అదీ రుచి!" అని తీర్పు చెప్పింది.

అత్తయ్య కోడలికి బేకరీ వాళ్లు రొట్టెల వ్యాను నడిపే పని ఇస్తామన్నారు. తెల్లారేసరికి ఏ సంగతో చెప్పకపోతే ఇంకొకరికి పోతుంది. ఉన్న పని మానేసి ఇంట్లో కూర్చున్న కొడుకు, టీవీ ముందు నుంచి కదలకుండానే అడ్డుపడ్డాడు.

"వద్దంటే వద్దు. తిరిగి ఆడది చెడింది, తిరగక మగాడు చెడ్డాడని పెద్దలు ఊరికే అన్నారా?"

మిషన్ ఆగింది. ఎన్ని సామెతలను నిలదీసినా ఆవిడ దీని జోలికి మాత్రం ఎన్నడూ పోలేదు. ఈ మాటే చెప్పి తల్లి ఆవిడ చేత బడి మాన్పించింది. ఈ మాటే చెప్పి మొగుడు, బతికున్నన్నాళ్లూ వీధి దాటనివ్వలేదు.

"నిజమేనా?" అంది, ఈసారి మెల్లగా.

"కాకపోతే ఇన్నాళ్లు నిలుస్తుందా అమ్మా?"

"ఏమోరా, నేను తిరిగిందెప్పుడు? అమ్మాయ్, వస్తానని చెప్పెయ్. రేపు నేనూ ఎక్కుతా."

"ఈ వయసులో చెడిపోతావా?" కొడుకు పకపకా నవ్వాడు.

"చెడితే వచ్చి చెప్తాలే."

మర్నాడు కోడలి పక్కన కూర్చుని ఆవిడ అడగని ప్రశ్న లేదు. ఆ గొట్టాలెందుకు? ఈ సందు ఎటు పోతుంది? ఆ వంతెన అవతల ఏముంది? కరెంటు స్తంభమెక్కిన ఆ అమ్మాయికి భయమెయ్యదా?

"అత్తయ్యా, నన్ను కాస్త రోడ్డు చూడనివ్వండి!" అని కోడలు మొత్తుకుంది.

సాయంత్రం కొడుకు గుమ్మంలోనే ఎదురయ్యాడు. "ఏమ్మా, చెడ్డావా?"

"కాళ్లు లాగుతున్నాయి, అంతే. ఆడదాని ముక్క శుద్ధ అబద్ధం. ఇల్లు కదలనివాడెవడో కట్టుంటాడు. మగాడి ముక్క మాత్రం నిన్ను చూస్తే నిజమేననిపిస్తోందిరా. పెట్టెలు దించడానికి మనిషి కావాలట, పోతావా?"

కొడుకు వెళ్లి టీవీ గొంతు పెంచాడు. లోపల కోడలు రేపటికి బట్టలు తీసి పెట్టుకుంటోంది.

"నేనూ వస్తానే," అంది అత్తయ్య. "వంతెన అవతల ఏముందో చూడనేలేదు."