పెట్టె వేడెక్కేదాకా

మొన్న తిరుపతిలో చుట్టాలింటి పెండ్లికి వెళ్లినప్పుడు, పాటకచేరీ కుర్రవాళ్లు గిటారు తీగను ఈ కాలపు కొత్తరకం ఆంప్లిఫయర్ పెట్టెకు తగిలించి మీట నొక్కితే, అందులోంచి చిన్న రొదైనా రాలేదు. అందరూ టిఫిన్ల ధ్యాసలో ఉన్నారు గానీ, నేను మాత్రం నాకు తెలియకుండానే గుయ్‌మనే రొద కోసం ఎదురుచూశాను. రేడియోలు విప్పి బిగించిన నా ఈడువాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఈ అవస్థ ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

ఎనభైల మొదట్లో చిత్తూరులో నాకు చిన్న రేడియో రిపేరు అంగడి ఉండేది. మా అన్న గిటారు వాయించేవాడు. మదరాసులో పాత సామాన్ల అంగట్లో గాజుబుడ్ల వాల్వులతో నడిచే ఆంప్లిఫయరొకటి కొని, చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. దాని గొంతు బంగారం. పీడ ఒక్కటే, మీట వేయగానే గుయ్‌మని రొద పెట్టి, పది నిమిషాలకు వేడెక్కాక దానంతటదే అణిగేది. అందుకని అన్న ఎక్కడికెళ్లినా ముందే మీట వేసుకుని కూర్చునేవాడు, పెండ్లివాళ్లు పక్కన పిండిమర ఆడుతోందనుకునేవాళ్లు.

రోగం కుదర్చాల్సినవాణ్ణి నేను. వాల్వులు మార్చాను, తీగలు మళ్లీ అతికాను, ప్లగ్గు తిప్పి పెట్టాను. చివరికి ఎర్తు సరిగా లేదని తీర్మానించి, ఇంటి వెనక గుంత తవ్వి, బొగ్గులూ రాళ్ల ఉప్పూ వేసి, రోజూ బిందెడు నీళ్లు పోయసాగాను. అసలే ఎండాకాలం, "తాగేదానికి నీళ్లు లేక మేం యాడాడో తిరగతా ఉంటే, నువ్వు గుంతకు పోస్తా ఉండావా?" అని అమ్మ తిట్టని రోజు లేదు. తిరుపతిలో నాకు పని నేర్పిన మేస్త్రి దగ్గరికి తీసుకెళితే ఒక్క పూటలో తేలిపోయేదే. కానీ ఆయనతో మాటా మాటా అనుకుని, నీ దగ్గర నేర్చుకోవలసిందేమీ లేదని విసురుగా బయటికొచ్చినవాణ్ణి, మళ్లీ ఆ గడప తొక్కడానికి నాకు తల వంగలేదు.

ఆ ఏడు మదరాసులో పెద్ద కచేరీ బృందం నడిపే ఒకాయన మా ఊరి పెండ్లికి వస్తున్నాడనీ, అన్న వాయింపు నచ్చితే తనతో తీసుకెళతాడనీ కబురొచ్చింది. అన్న రెండు నెలలు వేళ్లు కాయలు కాచేలా సాధన చేశాడు. పెండ్లి సాయంత్రం ఎప్పటిలాగే ముందుగా మీట వేశాం, రొద అణిగింది, ఆయన ముందు వరుసలో కూర్చున్నాడు, అన్న మొదటి పాట ఎత్తుకున్నాడో లేదో కరెంటు పోయింది. అరగంటకు వచ్చింది. రొద మళ్లీ మొదలైంది, ఈసారి అణగలేదు, పెరిగి పెరిగి, కాలిన వాసనతో పొగ లేచి పెట్టె మూగబోయింది. ఆయన గడియారం చూసుకుని, రైలుకు వేళయిందని లేచాడు. ఆ తర్వాత ఏ కబురూ రాలేదు.

"పోనీలేరా, పాడు కరెంటు పోతా వస్తా ఉంటే నువ్వేం సేస్తావు?" అన్నాడు అన్న, నా భుజం మీద చెయ్యేసి.

నెల తర్వాత సిగ్గు చంపుకుని కాలిన పెట్టెను మేస్త్రి ముందు పెట్టాను. ఆయన పాత గొడవ ఎత్తలేదు. కరెంటును నిలకడ చేసే పెద్ద కండెన్సరును చూపించి, ఇది లోపల ఎండిపోతేనే మీట వేయగానే రొద వస్తుందనీ, చెడిపోయేముందు ఇది పైన తెల్లటి పొడి కక్కుతుందనీ చెప్పి, "అది నీకు కనపడలేదా అప్పా?" అని అడిగాడు. కనపడింది. పెట్టె ఇంటికొచ్చిన మొదటి రోజే కనపడితే, మదరాసు దుమ్మనుకుని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచినవాణ్ణి నేనే. ఆయనకు మాత్రం లేదని చెప్పాను.

అన్న మళ్లీ గిటారు ముట్టలేదు. బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరి, ఆ వేళ్లతోనే ముప్పై ఏళ్లు మూటలకు చీటీలు రాశాడు. దీపం ఆరినప్పుడల్లా "ఈ కరెంటే నా బతుకు సెరిపింది" అనేవాడు, నేను ఔనని తలూపేవాణ్ణి. పోయిన ఏడాది అన్న కన్నుమూసేదాకా నిజం నా నోట రాలేదు, ఆ పాపం ఇక తీరేది కాదు.

ఇప్పుడు మా ఊళ్లో కరెంటు అంతగా పోదు. ఎంత హాయిగా ఉందో అంటారు అందరూ. నాకు మాత్రం, ఇన్నేళ్లూ నా తప్పును తన నెత్తిన మోసిన ఆ పాడు కరెంటు కూడా బాగుపడిపోయి, నన్నొక్కణ్ణే మిగిల్చినట్లుంది.