తెర లాగే తాతబ్బాయి

"…కాదని సెప్తన్నాను కదా, ఆ గొంతు ఆ సినిమా నటిది కాదు! సినిమాలో తేనెలాగుంది, ఇక్కడేటింత గరుకు?" అన్నాడు రిహార్సల్ విన్న తాతబ్బాయి.

"సినిమాలో ఇంకొకరు డబ్బింగ్ సెప్పారు మావా. మనిషి మాత్రం ఈవిడే," అన్నాడు నాటకం కాంట్రాక్టరు ప్రభుకుమార్.

నర్సీపట్నం హాల్లో పాతికేళ్లుగా తెర లాగుతున్న తాతబ్బాయి దేన్నీ ఊరికే నమ్మడు. తాడు ముడులు రోజూ వేళ్లతో తడుముతాడు. కుర్చీని ఊపి చూశాకే కూర్చుంటాడు. నిరుడు సినిమా నటుడని ఎవరో నకిలీని తెచ్చినప్పుడు జనం, "అసలోడేనని నువ్వే కదా సెప్పావు?" అంటూ తాతబ్బాయి చొక్కానే పట్టుకున్నారు. ఇప్పుడు మేకప్ గది తలుపు సందులోంచి మళ్ళీ చూశాడు. నటి పెదవి పక్కన పుట్టుమచ్చ పోస్టర్లో ఉన్నచోటే ఉంది. పెన్సిలుతో పెట్టిందేమో. హాల్లో ఈలలు మొదలయ్యాయి.

"బేగి లాగు మావా!"

తాతబ్బాయి తాడును మేకుకి చుట్టేశాడు.

"ముందు ఆవిడ్ని తెర ముందుకొచ్చి, గొంతు సంగతి జనానికి సెప్పమను. అప్పుడే లాగుతాను."