నిద్ర కోసం మూడు రైళ్ళు ఎక్కాం

మా ఆయన యాదగిరి ముప్పై ఏళ్ళు నైట్ సర్వీసు బస్సు నడిపారు. రిటైరై రెండేళ్ళయింది గానీ ఆయన కళ్ళు ఇంకా రిటైర్ కాలేదు. రాత్రి పది కాగానే ఊరంతా పడుకుంటుంది, ఈయన డ్యూటీ ఎక్కుతారు. సీతాఫల్‌మండిలో మాది రెండు గదుల ఇల్లు, ముందు చిన్న వరండా. ఆ కాస్త చోటులోనే తెల్లవారేదాకా తిరుగుతుంటారు. గ్యాస్ కట్టేశామా అని ఒకసారి, గేటుకు తాళం పడిందా అని ఇంకోసారి చూసొస్తారు. పక్కన మనిషి అలా తిరుగుతుంటే నాకు మాత్రం నిద్రెక్కడిది? పొద్దున్నే బడికి వెళ్ళి లెక్కలు చెప్పాలి. ఒకరోజు ఏడెనిమిదులు యాభై నాలుగని బోర్డు మీద రాసి, ఆరో తరగతి పిల్లల చేత దిద్దించుకున్నాను. డాక్టరు రాసిచ్చిన మాత్రలు డబ్బాలో అలాగే ఉన్నాయి. "డ్రైవరు నిద్రమాత్ర ఏసుకునుడేందే? నలుగురు నవ్వుతరు," అంటారాయన. నడపడానికి బస్సే లేనప్పుడు నవ్వే ఆ నలుగురూ ఎవరో నాకు తెలియదు.

ఈ ప్రయాణాలకు కారణం కాజీపేటలో ఒక పెళ్ళి. తిరిగొచ్చేటప్పుడు ప్యాసింజరు బండిలో, ఘన్‌పూర్ దాటాక పక్కకు చూస్తే ఈయన కిటికీకి తల ఆనించి గురక పెడుతున్నారు. భువనగిరి దాకా లేవలేదు. ఆయన రిటైరయ్యాక నేను విన్న మొదటి గురక అది. గంట ప్రయాణానికే అంత నిద్ర పడితే రాత్రంతా వెళ్ళే రైలెక్కిస్తే ఎంత పడుతుందోనని నాకు ఆశ పుట్టింది. కొండలూ జలపాతాలూ చూడాలని నాకూ చిన్నప్పటినుంచి కోరిక. స్వామికార్యం, స్వకార్యం రెండూ తీరతాయని సెలవులు దొరికినప్పుడల్లా టిక్కెట్లు కొన్నాను. మూడుసార్లూ స్లీపర్ క్లాసే. ఏసీ పెట్టెలో అద్దాల వెనక అంతా మసకగా కనిపిస్తుంది, పైగా ముఖానికి గాలి తగలకపోతే ఈయనకు ఊపిరాడదు. మీరూ ఇలాంటి ప్రయాణం ఆలోచిస్తుంటే, ఏ దారి ఎలా ఉందో నాకు తెలిసినంత చెబుతాను. అందంతో పాటు నిద్ర సంగతి కూడా చెబుతాను.

మొదట కేరళ వెళ్ళాం. సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం ఎక్కితే మర్నాడు పాలక్కాడు దగ్గర కొండలు రెండు పక్కలకూ జరిగి దారిస్తాయి. ఆ తర్వాత ఇక కొబ్బరితోటలు, నదులు, పెంకుటిళ్ళే. అందానికి నూటికి నూరు మార్కులు వేస్తాను, నిద్రకు సున్నా. బండి ఆగిన ప్రతిచోటా ఈయన దిగి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు. "బండి ఎందుకాగిందో ఎరుక లేకుండ ఎట్ల పండుకుంటనే?" అన్నారు. చెప్పులు కూడా విప్పలేదు. కదిలే బండిలో డ్రైవరు చెప్పులు విప్పకూడదట. బెర్తు మీద చెప్పుల కాళ్ళు బయటకు వేలాడేసి పడుకున్న మనిషిని టీటీ రెండుసార్లు వింతగా చూసి వెళ్ళాడు.

రెండోది అరకు. రాత్రి బండిలో విశాఖ చేరి, పొద్దున ఏడింటిలోపు అక్కణ్ణుంచి కిరండూల్ వెళ్ళే బండి పట్టుకోవాలి. అరకు చేరేసరికి పదకొండు అవుతుంది. దారిలో యాభైకి పైగా సొరంగాలు, వాటి మధ్య లోయలు. కుడివైపు, ఎడమవైపు అని లేదు, ఎటు చూసినా బాగుంటుంది. కానీ సొరంగం వచ్చిన ప్రతిసారీ మా ఆయన చెయ్యి హెడ్‌లైటు వెయ్యడానికి ముందుకు పోయేది. బ్రేకు పడినప్పుడల్లా కుడికాలు నేలను నొక్కేది. నేను లోయను చూడ్డం మానేసి ఆ కాలినే చూస్తూ కూర్చున్నాను. దిగేసరికి ఆయనకు పిక్క పట్టేసింది, నాకు తల పట్టేసింది.

మూడోది మొన్న దసరా సెలవుల్లో గోవా ప్రయాణం. ఇదే ఆఖరు అనుకున్నాను. దీని తర్వాత మాత్రలే గతి అని ఆయనకు చెప్పి మరీ టిక్కెట్లు తీసుకున్నాను, ఆయన మూతి ముడుచుకుని ఒప్పుకున్నారు. వాస్కో బండి సికింద్రాబాద్ నుంచి వారానికి రెండు రోజులే ఉంటుంది. పొద్దున పది దాటాక బయల్దేరుతుంది. స్లీపర్‌లో మనిషికి ఒకవైపు నాలుగు వందల పైచిలుకు అవుతుంది. స్టేషన్లో కొత్త భవనం పనులు నడుస్తున్నాయి, ఏ గేటు తెరిచి ఉంటుందో చెప్పలేం కాబట్టి ముప్పావుగంట ముందుండండి. మా ఇంటి నుంచి స్టేషన్‌కు ఆటోవాడు వంద అడిగాడు. ఇంత దగ్గరికి వందేమిటంటే, "దగ్గర గిరాకీకే ఎక్కువ తక్లీఫ్, అక్కా. గంటసేపు ట్రాఫిక్‌ల ఉండాలె," అన్నాడు. బేరమాడే ఓపిక లేక ఎక్కాం.

మధ్యాహ్నం గద్వాలకు ముందు కృష్ణ, కర్నూలులో తుంగభద్ర వచ్చాయి. రెండింట్లోనూ నీళ్ళు నిండుగా ఉన్నాయి. తెచ్చుకున్న జొన్నరొట్టెలు, పల్లీల పొడి ముందేసుకుని తిన్నాం. హోస్పేట దగ్గర బండరాళ్ళ గుట్టల మీద సాయంత్రపు ఎండ చూశాక నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది. అప్పుడు తట్టింది అసలు సంగతి. ఈ లెక్కన పడమటి కనుమలు వచ్చేది అర్ధరాత్రి దాటాకే. ఏ దూద్‌సాగర్ జలపాతం కోసం ఈ టిక్కెట్టు కొన్నానో అది కటిక చీకట్లో వెళ్ళిపోతుంది. లెక్కల టీచరునై ఉండి ఆ పాటి కూడిక చేసుకోలేదు. అలాగే అయింది. చీకట్లో కనుమలు దాటి తెల్లవారకముందే వాస్కోలో దిగాం. ఆయన కునుకు తియ్యలేదు, నేను జలపాతం చూడలేదు.

గోవా గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. స్టేషన్ దగ్గర రోజుకు పన్నెండు వందల గది తీసుకున్నాం. అందరూ సముద్రం చూస్తుంటే నేను ఇసుకలో కూర్చుని కునికిపాట్లు పడ్డాను. ఈయన నా చెప్పులకు కాపలా కాశారు.

తిరుగు బండి శనివారం పొద్దున తొమ్మిదికి. ఇది కనుమలను పట్టపగలే ఎక్కుతుంది. జలపాతం కోసం వెళ్ళేవాళ్ళు నమ్ముకోవాల్సింది ఈ బండినే. మాకు లోయర్, మిడిల్ బెర్తులు వచ్చాయి. దారికి అవతల సైడ్ బెర్తుల్లో రెహానా, ఆమె భర్త ఉన్నారు. వాళ్ళది మన బొల్లారమే. కూతుర్ని వాస్కోలో ఇచ్చారు కాబట్టి ఈ దారి ఆమెకు కొట్టినపిండి. ఈయనకు రెండేళ్ళుగా నిద్ర లేదని చెబితే అయ్యో అంది. నేను వెళ్ళేటప్పుడు చీకట్లో జలపాతాన్ని పోగొట్టుకున్న కథ చెప్పగానే నవ్వేసింది.

"పరేషాన్ గాకుండ్రి, అక్కా. దూద్‌సాగర్ మా దిక్కే వస్తది. కులెం దాటినంక జెర సేపటికి వచ్చి నా కిటికీ కాడ కూసోండ్రి. ఎవ్వర్ని కూసోనియ్య."

కులెం స్టేషన్లో బండి చాలాసేపు ఆగింది. ఎప్పటిలాగే ఈయన దిగిపోయారు. ఎంతకీ రాకపోయేసరికి నేను తలుపు దాకా వెళ్ళి చూసొచ్చాను. కూత పడ్డాక ఎక్కారు. ముఖం చూస్తే ఏదో మారినట్టుంది.

"ఎనుక సుత ఇంజన్లు తగిలిచ్చిన్రే," అన్నారు కూర్చుంటూ.

"ఎందుకట?"

"ఘాట్ గద! ముందటి ఇంజన్ ఒక్కటే గుంజలేదు. ఎనుకకెళ్ళి గివి నూకుతయి. అండ్ల సుత డ్రైవర్లున్నరు. పోయి మాట్లాడొచ్చిన. నేను సుత డ్రైవర్నే అన్న. 'ఆప్ ఆరామ్ సే బైఠో' అన్నడు, నిమ్మలంగ కూసోమని."

నేను సరేనని తలూపాను. ఆయన కిటికీలోంచి వెనక్కి తొంగిచూసి, మెల్లగా అన్నారు. "నా బస్సుల నా ఎనుక అందరు పండుకునేటోళ్ళే ఉంటుండె. నలభై మంది. నేనొక్కన్నే మెలకువ. ఈడ ఎనుక సుత మెలకువగున్నరు."

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. ఆయన వంగి, చెప్పులు విప్పి, జతగా బెర్తు కిందికి నెట్టారు.

బండి ఎక్కడం మొదలుపెట్టింది. నడిచే మనిషి అందుకునేంత నెమ్మదిగా పోతోంది. కిటికీ పక్కన తడి బండలు, నాచు, చెయ్యి చాపితే తగిలే ఆకులు. మొదటి సొరంగం వచ్చింది, ఆయన చెయ్యి కదల్లేదు. ఎక్కడో బ్రేకు కీచుమంది, కుడికాలు కదల్లేదు. మూడో సొరంగం దాటేసరికి తల నా భుజం మీదికి, అక్కణ్ణుంచి ఒళ్ళోకి జారింది. మా బెర్తు చివర కూర్చున్న కాలేజీ కుర్రాడు అది చూసి, మాట్లాడకుండా లేచి ఆయన కాళ్ళకు చోటిచ్చాడు. గురక మొదలైంది.

సరిగ్గా అప్పుడే పెట్టె పెట్టెంతా అవతలి వైపుకు పరుగెత్తింది. కేకలు, ఈలలు, ఎత్తిన ఫోన్లు. రెహానా కిటికీ దగ్గర చోటు పట్టుకుని వెనక్కి తిరిగింది.

"అక్కా, జల్ది రాండ్రి! వచ్చేసింది!"

నేను ఒళ్ళో తలను చూపించాను. ఆమె చూసింది, బయటకు చూసింది, మళ్ళీ నన్ను చూసింది. "జెర తల కింద బ్యాగు వెట్టి రాండ్రి. ఒక్క నిమిషం!" అంది గొంతు తగ్గించి.

బ్యాగు పక్కనే ఉంది, చెయ్యి దాని దాకా వెళ్ళింది కూడా. చూడాలని నాకు లేదని కాదు. ఏడాదిగా ఈ ఒక్క నిమిషం కోసమే డబ్బులు కూడబెట్టుకున్నాను, మళ్ళీ వస్తానో రానో తెలియదు. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది. కానీ ఆయన తల ఎత్తితే కళ్ళు తెరుస్తారు, తెరిస్తే ఇక మూయరు. రెండేళ్ళుగా ఆ కళ్ళను చూస్తున్నదాన్ని నేనే కదా. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నీళ్ళ హోరు పెట్టెలోకి వచ్చింది, చల్లటి తుంపర వచ్చింది. మనుషుల వీపుల సందులోంచి తెల్లగా ఒక గీత కనిపించి పోయింది. దూద్‌సాగర్‌లో నాకు దక్కింది అంతే.

కుర్రాళ్ళు అరుచుకుంటూ వెనక్కి రాబోతుంటే రెహానా లేచి అడ్డం నిలబడింది. "ఏయ్, గప్‌చుప్! అన్న పండుకున్నడు." వాళ్ళు నిజంగానే పిల్లుల్లా నడిచొచ్చి కూర్చున్నారు. కనుమ ఎక్కేశాక క్యాసిల్ రాక్ స్టేషన్లో వెనక ఇంజన్లు విప్పినప్పుడు బండి ఒక్క కుదుపు కుదిపింది, నా ప్రాణం పోయినంత పనైంది. ఆయన లేవలేదు. లోండాలో చాయ్ అమ్మే అతను కేక వేయబోతే ముగ్గురు ఒకేసారి నోటి మీద వేలు పెట్టారు. నా కుడిచెయ్యి ఆయన తల కింద ఇరుక్కుపోయింది. మధ్యాహ్నం రెహానా తన కూతురు కట్టిచ్చిన చపాతీలో కోడిగుడ్డు ఖగీనా చుట్టి నా ఎడమచేతికి ఇచ్చింది.

"మీరు సుత రెండేండ్ల సంది పండుకోనట్లున్నరు, అక్కా," అంది నా ముఖం చూసి. ఎవరైనా నాతో ఆ మాట అనడం అదే మొదలు. అవునని తలూపి, గబగబా తినేశాను.

హుబ్లీలో మిర్చి బజ్జీల వాసనకు ఆయన లేచారు.

"యాడికొచ్చినం?"

"హుబ్లీ."

"మరి జలపాతం?"

"ఎప్పుడో పోయింది."

"మంచిగున్నదా?"

"మస్తున్నది," అన్నాను. రెహానా కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంది.

"మరి నన్ను లేపద్దానే? నేను సుత చూస్తుంటి గద," అని అలిగారు. తిమ్మిరెక్కిన కాళ్ళతో లేవలేక అలాగే కూర్చుని, ఆయన కొనుక్కొచ్చిన బజ్జీలు తిన్నాను.

ఆ రాత్రి మిడిల్ బెర్తులు ఎత్తాక ఆయన మళ్ళీ లేచి కూర్చున్నారు. నేనూ లేవబోతే, "నువ్వు పండుకోవే, నేనున్న గద," అన్నారు. ముప్పై ఏళ్ళు ఎవరెవరో ఆ మాట నమ్మి ఆయన వెనక నిద్రపోయారు. నేను మాత్రం ఆయన బస్సులో ఒక్కసారీ రాత్రి ప్రయాణం చెయ్యలేదు. పైకెక్కి పడుకున్నాను. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి కాచిగూడ. ఆయన నా బ్యాగు సర్ది, నా చెప్పులు నిచ్చెన కింద పెట్టి, వట్టి కాళ్ళతో నిలబడి ఉన్నారు.

ఇంటికొచ్చాక అద్భుతాలేమీ జరగలేదు. ఇప్పటికీ గేటు తాళం చూసొస్తారు. కాకపోతే కొన్ని రాత్రులు రెండు మూడు గంటలు నిద్రపోతున్నారు, నేనూ పోతున్నాను. పిల్లల చేత లెక్కలు దిద్దించుకోవడం తగ్గింది. దూద్‌సాగర్ ఎలా ఉందని స్టాఫ్‌రూమ్‌లో అడిగితే రెహానా పంపిన ఫోటో చూపిస్తాను. అందులో సగం కిటికీ ఊచలు, పావు వంతు ఎవరో కుర్రాడి చెవి, మిగిలినదంతా తెల్లగా నీళ్ళు. మూడు దారుల్లో ఏది బాగుందని అడిగితే మాత్రం ఆలోచించకుండా గోవా దారే అంటాను. నేను చూడలేదని తెలిసినవాళ్ళు, చూడనిదాన్ని ఎలా మెచ్చుకుంటావంటారు, నేను ఫోను సంచిలో పెట్టుకుని క్లాసుకు వెళ్ళిపోతాను.

మీకు ఒక్క సలహా. పెట్టెను ఎటు తిప్పి తగిలిస్తారో ముందే తెలియదు కాబట్టి బెర్తు నంబరును నమ్మకండి. వాస్కోలో ఎక్కగానే ఆ దారి తెలిసినవాళ్ళను జలపాతం ఏ వైపు వస్తుందో అడిగి, కులెం రాకముందే అటు మారి కూర్చోండి. మీతో వచ్చినవాళ్ళకు నిద్ర కరువైతే వాళ్ళనూ మీ వెంట అటే తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టుకోండి. ఒళ్ళో తల పడ్డాక ఇక లేవలేరు.