నలభై ఒక్క మైళ్లు

మొన్న కాల్గరీలో సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే పక్క లేన్‌లోకి ఒక పాత అమెరికన్ బండి వచ్చి ఆగింది. సగం కాలిన పెట్రోలు వాసన, ఎండకు వేడెక్కిన రెక్సిన్ సీటు వాసన కలిసి మా కిటికీలోంచి లోపలికొచ్చాయి. వెనక సీట్లో మా అమ్మాయి ముక్కు మూసుకుని "నాన్నా, స్టింకీ!" అంది. ఆ బండాయన మమ్మల్ని చూసి నవ్వి చెయ్యి ఊపాడు. నేను తల తిప్పుకున్నాను. ఆ వాసన తగిలితే నాకు సిగ్గేస్తుంది. ఎందుకన్నది ఇంతవరకు మా ఆవిడకు కూడా పూర్తిగా చెప్పలేదు.

నేను కెనడాకు, విండ్సర్‌లో చదువుకోవడానికి వచ్చిన ఏడాది మనవాళ్లు విమానాలకు విమానాలు దిగుతున్నారు. ఒక బేస్‌మెంట్‌లో ఏడుగురం ఉండేవాళ్లం. పొద్దున క్లాసుకు వెళ్లాలంటే బాత్రూం ముందు క్యూ, రాత్రి అన్నం వండుకోవాలంటే పొయ్యి ముందు క్యూ. ఒక శనివారం గుడిలో పులిహోర కోసం నేను మూడోసారి లైన్లోకి రావడం, వడ్డిస్తున్న పెద్దాయన కనిపెట్టారు. "ఏమబ్బీ, ఇంట్లో వండుకోవా?" అన్నారు. "పొయ్యి ఖాళీ ఉండదంకుల్," అన్నాను. ఆయనే ఓబుల్ రెడ్డి అంకుల్. ప్రొద్దుటూరు నుంచి ఎప్పుడో కుర్రతనంలో వచ్చి, కార్ల ప్లాంటులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఆంటీ పోయి అప్పటికి రెండేళ్లు. వారం తిరక్కుండా ఆయనింట్లో మేడమీది గది నాదైంది. మంచు ఎత్తిపోయాలి, తనతో తెలుగులో మాట్లాడాలి, అవే షరతులు.

ఆ ఇంట్లో అసలు యజమాని గరాజ్‌లో ఉండేది. పైకప్పు మడిచేసే అరవైల నాటి అమెరికన్ కన్వర్టబుల్, ముదురు ఎరుపు రంగు. దాని బానెట్ మీద ఇద్దరు పడుకోవచ్చు. తుప్పుపట్టిన డొక్కుగా కొని, ఏడేళ్లు కూర్చుని దాన్ని మనిషిని చేశారు అంకుల్. ఆంటీ దాన్ని సవతి అనేవారట. నిజంగా సవతి పోరే! తాగే పెట్రోలుకు అంతుండదు. బ్రేకు తొక్కాలంటే రెండు కాళ్ల బలం కావాలి. చిన్న రబ్బరు ముక్క కోసం నది దాటి అమెరికా వైపు డెట్రాయిట్ వెళ్లాలి. వానొస్తే పైకప్పు నాలుగు చోట్ల కారుతుంది. అయినా వేసవి సాయంత్రం అంకుల్ దాన్ని బయటికి తీస్తే వీధి వీధంతా చెయ్యి ఊపేది. "చూడబ్బీ, నాకు ఈ ఊర్లో ముప్పైయేండ్లు ఎవరూ నమస్తే చెప్పలా. బండి కొన్న్యాక అందరూ చెప్తాండారు," అని నవ్వేవారు.

డ్రైవింగ్ ఆయనే నేర్పారు, తన మామూలు వ్యాన్ మీద. మొదటి నెలలోనే దాని సైడ్ మిర్రర్ ఎవరిదో చెత్తడబ్బాకు కొట్టి పగలగొట్టాను. వణుక్కుంటూ వచ్చి చెప్పాను. ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, "చెప్పినావు గదా, అయిపాయె. పో, అన్నం తిను," అన్నారు. అంతే. మా నాన్న దగ్గరైతే ఆ పూట నా వీపు విమానం మోతే. తప్పు చేసి కూడా మనిషి ముందు నిటారుగా నిలబడొచ్చని నాకు నేర్పింది ఆయనే. నేర్పినవాడి దగ్గరే నేను నేర్చుకున్నది మరిచిపోయాను చూడండి, అదీ నా బతుకు.

అక్టోబర్ వచ్చిందంటే ఆ బండిని నిద్రపుచ్చేవారు. బ్యాటరీ వైరు ఊడదీసి, గుడ్డ కప్పి, మీటరు మీద ఎన్ని మైళ్లున్నాయో గరాజ్ గోడ మీద పెన్సిల్‌తో రాసేవారు. ఆ ఏడాది ఆ పనులన్నిటికీ పక్కన నేనే ఉన్నాను. "చలికాలం దీన్ని బయటికి తీయగూడదు," అన్నారు. మంచులో జారుతుందని కాబోలు అనుకున్నాను. ఎందుకని అడగలేదు.

ఆ శీతాకాలమే ఆయన ఒకసారి పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయారు. గిన్నె మాడింది, అలారం మోగింది, అంతకంటే ఏమీ కాలేదు. కానీ లండన్‌లో, అదే మా ఒంటారియో లండన్‌లో, ఉండే కూతురు సునీతక్క పరిగెత్తుకొచ్చింది. నా ముందే ఆయనతో ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే బండి అమ్మేసి, ఇంటికి తాళం వేసి, తనతో తీసుకెళ్లిపోతానంది. ఆమె వెళ్లాక, "ఒక గిన్నెకు ఇంత రాద్ధాంతమా?" అన్నారు అంకుల్ నాతో. గొంతులో భయం ఉంది.

డిసెంబర్‌లో ఆయన వారం రోజులు కూతురింటికెళ్లారు. బ్రాంప్టన్ నుంచి మా ఇంజినీరింగ్ దోస్తులు ముగ్గురు నా దగ్గరికొచ్చారు. నేనేం వెలగబెట్టానంటే, వేసవిలో ఆ బండికి ఆనుకుని దిగిన ఫొటో గ్రూపులో పెట్టి ఊరుకున్నాను. నాదని చెప్పలేదు, కాదని కూడా చెప్పలేదు. "ఏదిరా నీ బండి?" అన్నారు వాళ్లు. ఎండ ఫెళ్లున కాస్తోంది, రోడ్డు పొడిగా ఉంది, మంచు చుక్కలేదు. బ్యాటరీ తగిలించాను. నది వెంట చాలా దూరం పోయి వచ్చాం, వీడియోలు తీసుకున్నాం. రోడ్డు మీద తెల్లటి పొడి లేస్తుంటే మన దగ్గరి దుమ్ములాంటిదే అనుకున్నాను. అది మంచు కరగడానికి చల్లిన ఉప్పని, బండి కిందికి అంటుకుని ఇనుమును తినేస్తుందని తెలియని మొద్దును. ఇంటికొచ్చి పైపైన తడిబట్టతో తుడిచి గుడ్డ కప్పేశాను.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున గరాజ్‌లోంచి అంకుల్ పిలిచారు. వెళ్లేసరికి బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నారు. బంపరు నిండా తుప్పు మచ్చలు, బండి కింద అంతా తెల్లగా పొక్కులు. ఆయన బండిని చూడటం లేదు. గోడ మీది అంకె చూస్తున్నారు.

"నలభై ఒక్క మైళ్లు ఎక్కువుందబ్బీ. నేను బండి తీసినానా?"

నన్ను అనుమానిస్తే బాగుండేది. ఆ ఆలోచనే ఆయనకు రాలేదు. నా మతి ఒక్క క్షణంలో ఎన్ని లెక్కలు వేసిందో! ఇన్సూరెన్స్‌లో నా పేరు లేదు, ఏదైనా గొడవైతే పీఆర్, అదే ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కు, ఏమవుతుందో, మళ్లీ ఆ బేస్‌మెంట్‌కు పోవాలేమో. "తీశారు కదంకుల్. క్రిస్మస్ ముందు. ఎండగా ఉందని ఒక రౌండు వేసొస్తానన్నారు," అన్నాను. గొంతు కూడా వణకలేదు.

ఆయన చాలాసేపు తన అరచేతులు చూసుకున్నారు. "అట్లనా," అన్నారు.

కూతురికి ఆయనే ఫోన్ చేసి చెప్పారు. దాచే మనిషి కాదుగదా! నెల తిరిగేలోపు బండికి బేరం కుదిరింది. కొన్నవాళ్లు ట్రైలర్ తెచ్చిన రోజు తాళాలు నా చేతిలో పెట్టి, "నువ్వెక్కించబ్బీ, నా మీద నాకే నమ్మకంల్యా," అన్నారు. ఎక్కించాను. ఆ తర్వాత ఇల్లు మారేదాకా ఆయన ప్రతిదీ నన్నే అడిగేవారు. మాత్ర వేసుకున్నానా అబ్బీ? పొయ్యి ఆపినానా? నిన్న గుడికి పోయినామా? అన్నిటికీ నిజమే చెప్పాను. ఒక్కటి తప్ప. ఆయన అడిగిన ప్రతిసారీ ఈసారి చెప్పేద్దామనుకునేవాణ్ణి. మే పోయింది, జూన్ పోయింది. జూలైలో సునీతక్క వచ్చి తీసుకెళ్లిపోయింది.

చెప్పాను, చివరికి. కాల్గరీలో ఉద్యోగం, పీఆర్ రెండూ చేతికొచ్చాక చెప్పాను. అంటే ఇక పోయేదేమీ లేదనుకున్నాక. అదీ నా ధైర్యం! ఫోన్లో ఏడ్చాను. "ఆ రోజు బండి తీసింది నేనంకుల్. మీరు కాదు."

ఆయన మెల్లగా నవ్వారు. "నీది మంచి మనసబ్బీ. ముసలోడు బాధపడతాడని తప్పు నీ నెత్తిన ఏసుకుంటాండావు. వద్దులే. నాకు గుర్తుండాది. ఎండ బాగా కాసింది. నది ఒడ్డున ఆపినా. అవతల డెట్రాయిట్ మేడలు మెరుస్తాండె. మీ ఆంటీ ఉంటే బాగుండునని గూడా అనుకున్న్యా."

"కాదంకుల్, నా మాట వినండి..."

"అన్నం తిన్న్యావా?" అన్నారు.

ఆయన పోయి రెండేళ్లయింది. ఆ కబురు చెప్పడానికి సునీతక్కే ఫోన్ చేసింది. వచ్చీరాని తెలుగులో, "నాన్న నీ గురించి అందరికీ చెప్పేవాడు. నాన్న కోసం బ్లేమ్ నువ్వు తీసుకున్నావంట కదా. సో స్వీట్ ఆఫ్ యూ," అంది. ఆమెకైతే చెప్పొచ్చు. ఆమె నమ్మేది. వాళ్ల నాన్న మతి బాగానే ఉండిందని ఆ రోజైనా తెలిసేది.

"థాంక్స్ అక్కా," అన్నాను.