బోర్లించిన ప్లేట్లు

మా కాలేజీలో మైక్రోబయాలజీ ల్యాబు కిటికీలు బందరు కాలువ వైపు ఉండేవి. పొద్దున పూట నీళ్ల మీది వెలుతురు లోపలికి వచ్చి పైకప్పు మీద సన్నగా వణికేది. ఆ వణుకు కింద, నీలం చీర కొంగు నడుముకు దోపుకుని, గాజు ఫ్లాస్కును మెల్లగా తిప్పుతూ శౌరమ్మగారు నిలబడి ఉండేవారు.

"అన్నం వండాను. పోసేదాకా ఎవరూ ఫ్యాను వెయ్యకండమ్మా" అనేవారు.

ఆ అన్నం మాకు కాదు, కంటికి ఆనని ప్రాణులకు. పెప్టోన్, ఉప్పు, అగార్ నీళ్లలో కరిగించి, ఆటోక్లేవ్‌లో ఆవిరి మీద ఉడికించి, మూతలున్న చిన్న గాజు ప్లేట్లలో పోస్తే తేనెరంగు జున్నులా గడ్డకట్టేది. దాని మీద సూక్ష్మజీవులు అంటించిన తీగతో గీతలు గీసి, ఇంక్యుబేటర్ అనే వెచ్చటి పెట్టెలో ఉంచితే తెల్లారేసరికి బాక్టీరియా చుక్కలు చుక్కలుగా మొలిచేది.

శౌరమ్మగారు మా ల్యాబ్ అటెండరు. పామర్రు పక్క పల్లె. చదువు ఏడో తరగతి. గాజు సామాను కడగడానికి వచ్చి ముప్పై ఏళ్లయింది. సూక్ష్మజీవులకు ఆవిడ పెట్టుకున్న పేర్లే మాకు ముందు వచ్చాయి. స్టాఫిలోకాకస్ ఆవిడకు పసుపుముద్ద. సూడోమోనాస్ పచ్చిమామిడి. లూప్ తీగను మంటలో ఎర్రగా కాల్చాక వెంటనే వాడబోతే చెయ్యి పట్టుకుని ఆపేవారు. "ఆగు తల్లీ. నీ తొందరకి అవి మాడి చస్తాయి. ప్లేటు అంచున ఒకసారి ఆనించు, చల్లారనీ."

రెండో ఏడాది ఏప్రిల్‌లో మాకు ప్రాక్టికల్ పరీక్ష పెట్టారు. ఒక్కొక్కరికీ ఒక గొట్టం, అందులో రెండు రకాల బాక్టీరియా కలిసి ఉంటాయి. మొదటి రోజు వాటిని ప్లేటు మీద గీతలుగా సాగదీసి పలచబరచాలి. రెండో రోజు విడివిడిగా మొలిచిన వాటిని రంగులద్ది, మైక్రోస్కోపులో చూసి పేరు చెప్పాలి. నేను చివరిగా గీశాను. అప్పటికి సాయంత్రం నాలుగయింది.

"సయీదా, నీది నువ్వే లోపల పెట్టేసి తలుపు వెయ్యమ్మా. నేను గొట్టాలు కడుక్కొస్తా" అన్నారు శౌరమ్మగారు.

అంతవరకూ ప్లేట్లు లోపల పెట్టే పని ఎప్పుడూ ఆవిడదే. వాటిని ఎలా పెట్టాలో, ఎందుకో చెప్పిన క్లాసు రోజున నేను జ్వరంతో ఇంట్లో ఉన్నాను. ఇంక్యుబేటర్ తలుపు తీస్తే ముప్పై తొమ్మిది ప్లేట్లూ తలకిందులుగా ఉన్నాయి. మా అమ్మీ రొట్టెను కూడా పళ్ళెంలో బోర్లా పెట్టనివ్వదు. రిజ్క్ అంటే దేవుడిచ్చిన తిండి, దాని ముఖం నేలకు ఉండకూడదంటుంది. ఇది అన్నమని శౌరమ్మగారే కదా రోజూ అంటారు. అలిసిపోయి పొరపాటు చేశారనుకున్నాను. ఒక్కొక్కటే నెమ్మదిగా వెల్లకిలా తిప్పి, నాదీ అలాగే పెట్టాను. ఎవరికో మేలు చేసినంత తృప్తిగా ఇంటికి వెళ్లాను.

మర్నాడు ల్యాబుకు వెళ్లాను. బల్ల మీద ప్లేట్లన్నీ పరిచి ఉన్నాయి. మూతల కింద పట్టిన చెమ్మ రాత్రంతా బొట్లు బొట్లుగా రాలింది. ఒక్క ప్లేటులోనూ విడి చుక్క లేదు. అంతా అలుక్కుపోయి, వానలో తడిసిన ముగ్గులా ఉంది.

మా లెక్చరర్ శ్రీదుర్గ మేడమ్ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. "ఏంటండీ శౌరమ్మగారూ ఇది? పరీక్ష ప్లేట్లు వెల్లకిలా పెట్టారా? నేనిప్పుడు ప్రిన్సిపాల్‌గారికి రాసివ్వాలి. మీ ఫైల్లోకి ఎక్కుతుంది."

జూన్‌లో శౌరమ్మగారి రిటైర్మెంటు. ముప్పై ఏళ్లలో ఆవిడ పెట్టిన ప్లేటు చెడిందన్న మాట లేదు. శౌరమ్మగారు నా వైపు ఒకసారి చూశారు. చివరన ఇంక్యుబేటర్ తలుపు వేసింది ఎవరో ఆవిడకు తెలుసు.

"నా చేతి మీదే జరిగిందండీ" అన్నారు.

కాలువ వెలుతురు పైకప్పు మీద కదులుతోంది. కూర్చునే ఉంటే ఆ మాట అలాగే కాగితమెక్కి, ముప్పై ఏళ్ల మీద కూర్చుంటుంది. లేచి నిలబడ్డాను.

"నేను తిప్పాను మేడమ్. అన్నం బోర్లా పెట్టకూడదని మా అమ్మీ అంటుందని..."

పక్కనున్న వినీల గొణిగింది. "ఏడాదిగా నీ బెంచి నువ్వు తుడవ్వు. నలభై ప్లేట్లు సర్దావటే?"

ఎవరో నవ్వారు. శౌరమ్మగారు మాత్రం నవ్వలేదు. నా దగ్గరికి వచ్చారు.

"మీ అమ్మ చెప్పింది మంచి మాటే. కానీ వేడన్నం మీద మూతేస్తే ఏమవుద్ది?"

"నీళ్లు కారతాయి ఆంటీ."

"ఆ నీళ్లు అన్నంలో పడితే పాసిపోదూ? అందుకే బోర్లిస్తాం. చెమ్మ మూతలోనే ఉంటుంది, అన్నం పొడిగా ఉంటుంది. మర్యాద తక్కువై కాదు తల్లీ."

మేడమ్ కాగితం మీద పెన్ను పెట్టి ఆగిపోయారు. మాకు కాదన్నట్టు కిటికీ వైపు చూస్తూ చెప్పారు. "నేనిక్కడ చదివేటప్పుడు ఆటోక్లేవ్‌లో నీళ్లు పోయకుండా స్విచ్చేశాను. అది కాలిపోయింది. అప్పుడూ ఈవిడ ఇదే మాటన్నారు, నా చేతి మీదే జరిగిందని. నేను నోరు విప్పలేదు." తర్వాత రాశారు. విద్యార్థిని పొరపాటు, పరీక్ష మళ్లీ పెడుతున్నాం, అటెండరు తప్పు లేదు. కింద నన్ను కూడా సంతకం పెట్టమన్నారు.

ఆ రోజంతా నేను శౌరమ్మగారి పక్కనే ఉన్నాను. మూడేళ్ల చదువులో నిజంగా చదివిన రోజు అదే. తూచాను, కరిగించాను, ఆటోక్లేవ్‌లో నీళ్లు రెండుసార్లు చూశాను. ఫ్యాన్లు ఆపేసిన విజయవాడ ఏప్రిల్‌లో మంట పక్కన నిలబడితే చెమట కనురెప్పల దాకా వచ్చింది. ఫ్లాస్కును ఆవిడ నా ముంజేతికి ఆనించారు. "ఓర్చుకోగలిగినంత వేడి. ఇప్పుడు పొయ్యి." పోశాను. నలభై చిన్న తేనెరంగు చెరువులు ఒక్కొక్కటే కదలడం మానేశాయి.

మళ్లీ అందరూ గీతలు గీశారు. నాలుగింటికి శౌరమ్మగారు ప్లేట్లన్నీ నా ముందుకు జరిపారు. "పెట్టు" అని చెప్పి, గొట్టాలు కడగడానికి వెళ్లిపోయారు. నేను ఎలా పెట్టానో చూడటానికి తిరిగి రాలేదు.

మర్నాడు తలుపు నన్నే తియ్యమన్నారు. బోర్లించిన ప్లేట్ల అడుగున మా నంబర్లు వరసగా కనిపించాయి. నా ప్లేటు తిప్పి చూశాను. గీతలన్నీ పలచబడి పలచబడి అయిపోయిన చోట, ఆవగింజంత గుండ్రంగా, దేనినీ తాకకుండా ఒక పసుపుచుక్క.

"ఎవరది?" అన్నారు శౌరమ్మగారు.

"పసుపుముద్ద ఆంటీ."

"రంగు వెయ్యకుండా పేరు చెప్తావా? పద, మైక్రోస్కోపు దగ్గరికి."

ఇప్పుడు నేను పామర్రులో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తున్నాను. సాయంత్రం ప్లేట్లు లోపల పెట్టి తలుపు వేసే ముందు, బోర్లించిన ప్రతి ప్లేటునూ అరచేత్తో ఒకసారి తాకుతాను.