అబ్బ కందెన పూసిన కారు

ఆ రోజుల్లో ఒకరి ఇంటి ముందు కారు కనిపిస్తే "నీకు నడపడం వచ్చునా?" అని ఎవరూ అడిగేవారు కాదు, "అది నడుస్తుందా?" అని అడిగేవారు. అడగవలసిన ప్రశ్నే. మా కోడుమూరు చుట్టుపక్కల అప్పటికి ఉన్న నాలుగైదు కార్లలో తనంతట తాను బయల్దేరే కారు ఒక్కటీ లేదు. ముందు ఇనుప హ్యాండిలు తిప్పాలి. అది వినకపోతే పదిమంది తోయాలి. తోసినవాళ్లలో ముగ్గురు హక్కుగా ఎక్కి కూర్చుంటే ఆ బరువుకు అది మళ్లీ ఆగిపోవాలి. రెండు మైళ్లకోసారి ముందు మూతలోంచి ఆవిరి లేచేది. మనుషులకే తాగునీళ్లు కరువైన సీమలో, నడివేసవిలో కారుకు కడవతో నీళ్లు పోస్తుంటే బావి దగ్గర ఆడవాళ్లు ఏమనేవారో ఇక్కడ రాయలేను. (కారుకు తెలుగు రాదు కాబట్టి ఆ మాటలన్నీ నేనే పడ్డాను.)

మా కారును మా పెద్దనాయన కర్నూల్లో ఒక వకీలు దగ్గర కొన్నాడు. కర్నూలు అప్పుడు కొత్తగా రాజధాని అయింది. ఆఫీసులకు కట్టడాలు చాలక గుడారాలు వేశారు. ఆ గుడారాల మధ్య దుమ్ము లేపుకుంటూ తిరిగే పెద్దల కార్లను చూసి మా వైపు కాస్త భూమి ఉన్న ప్రతివాడికీ కారు జబ్బు పట్టుకుంది. మా పెద్దనాయనకు అది ముదిరింది. నేనేమో ఇంటర్మీడియట్ రెండోసారి కూడా తప్పి, రెండు ప్యాంట్లు మాత్రం మిగుల్చుకుని ఊరికి చేరినవాణ్ణి. పెద్దనాయన నన్ను పిలిచి ఒకే మాట చెప్పాడు. "చూడప్పా, చదువు నీకు అబ్బలే. కారు తోలేది నేర్చుకో. లైసెన్సు తెచ్చుకుంటివా, కారు నీ చేతికిస్తా, కర్నూలు పనులన్నీ నువ్వే చూసుకుందువు. తెచ్చుకోలేదా, ఏరువాకకు మడక పట్టు. నడుమ ఇంకో దావ లేదు." ప్యాంటు వేసుకుని వీధిలో నడిచినవాడు మళ్లీ పంచె ఎగగట్టి నాగలి వెనక నడవడమంటే నా మట్టుకు నాకు ఉరిశిక్షే. లైసెన్సు ఎలాగైనా తెచ్చుకోవాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

నాకు విద్య నేర్పింది లారీ డ్రైవరు సాయిబు. ఆయనది కడప. ఎర్రగుంట్ల నుంచి బండలు తోలే లారీకి డ్రైవరు. పెద్దనాయన స్నేహం కొద్దీ వారానికోసారి మా ఊరి కళ్లంలో లారీ ఆపి నాకు పాఠం చెప్పి పోయేవాడు. ఆయన సిద్ధాంతం ప్రకారం కారు తోలేది కాళ్లతో కాదు, కిటికీలోంచి బయటపెట్టే చేత్తో. "అరే భాయ్, నువ్వేం చేయబోతాండావో నీకు తెలియకపోయినా ఫరవాలే. ఎనకొచ్చేటోనికి తెలియాల" అనేవాడు. కుడికి తిరిగితే చెయ్యి చాపడం, ఎడమకు తిరిగితే సున్నా చుట్టడం, ఆపితే చెయ్యి పైకెత్తడం, ఇవన్నీ నేను సంధ్యావందనంలా వల్లించాను. నిద్రలో కూడా చెయ్యి ఎత్తేవాణ్ణని మా అమ్మ చెప్పేది.

కారుకు ఉన్న జబ్బుల్లో పెద్దది దాని బ్రేకు. పట్టకపోవడం కాదు, భేషుగ్గా పట్టేది. కానీ పట్టినప్పుడల్లా కీ...చుమని అరిచేది. ఆ అరుపుకు కోళ్లు గంపల కిందికి దూరేవి, ఎద్దులు పలుపు తెంచుకునేవి. "లోపల లైనింగు అరిగిండాది, దుమ్ము చేరిండాది, కొత్తది వేయించాల" అని సాయిబు చెప్పాడు. పెద్దనాయన "వేయిద్దాంలే" అన్నాడు. ఆయన వేయిద్దాంలే అంటే ఎప్పుడో మా ఊళ్లో అందరికీ తెలుసు.

ఆ అరుపు అందరికంటే ఎక్కువ బాధపెట్టింది మా అబ్బను. అబ్బ అంటే నాయన తండ్రి. డెబ్బై దాటినవాడు, జన్మంతా బండి తోలినవాడు. కారు వచ్చాక ఆయన బండి కాడి మీద పడి కొట్టంలో ఉండిపోయింది. కారెక్కమంటే "దాని ముందర ఎద్దుల్లేవు. నేను ఎవురి మొగం చూసి కూచోవాల?" అనేవాడు. ఆయన లోకంలో చక్రం కీచుమందంటే అది ఆకలితో ఏడుస్తున్నట్టు. ఆముదమూ కాల్చిన గడ్డి మసీ కలిపి నూరిన కందెనను ఇరుసుకు పూయకుండా బండి కట్టడం, బిడ్డకు కూడు పెట్టకుండా జాతరకు తీసుకుపోవడం రెండూ ఒకటే. పెళ్లికో తిరణాలకో పోయేటప్పుడు బండి అరిస్తే ఆ ఇంటి పరువే పోయినట్టు.

"ఒరే, చక్రం ఏడుస్తాండాది. ఇంత కందెన పెట్టండ్రా" అన్నాడు ఒకనాడు.

"అది చక్రం కాదబ్బా, బ్రేకు. దానికి నూనె తగలకూడదు" అన్నాను, నా మూడు వారాల పాండిత్యంతో.

"ఏడుపు యాడ నుంచి వస్తాండాది? చక్రం కాడ నుంచే గదా?"

కాదనడానికి లేదు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ రోజు నవ్వకుండా, పక్కన కూర్చోబెట్టుకుని విషయం చెప్పి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ ఇంటరు తప్పినవాడికి తనకంటే తక్కువ తెలిసినవాడు ఒకడు దొరికితే ఆ సుఖమే వేరు.

పరీక్ష రోజు వచ్చింది. లైసెన్సులిచ్చే అధికారిని మేమంతా బ్రేకు ఇన్‌స్పెక్టరు అనేవాళ్లం. ఈయన గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చాడు. పక్కన కూర్చుని చెప్పాపెట్టకుండా బెత్తంతో ముందు బల్ల మీద ఠపీమని కొట్టి "ఆపు!" అంటాడనీ, అక్కడికక్కడ ఆగినవాడికే లైసెన్సు అనీ సాయిబు ముందే చెప్పాడు. మనవడి బతుకు తేలే రోజని అబ్బ మొట్టమొదటిసారి కారెక్కాడు. ముందు సీటును రెండు చేతులా పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కర్నూలు దాకా వచ్చాడు. ఊళ్లో ఆపిన ప్రతిచోటా కారు కీచుమంది, బజారంతా తిరిగి చూసింది. అబ్బ తలగుడ్డ విప్పి మొహం మీద కప్పుకున్నాడు. "దొర ముందరికి ఇట్లా ఏడ్చుకుంటా పోతాండామే" అని వెనక నుంచి గొణుగుతూనే ఉన్నాడు.

ఇన్‌స్పెక్టరు కాగితాలు చూసి రెండు గంటలకు రమ్మన్నాడు. నేనూ పెద్దనాయనా హోటలుకు వెళ్లాం. అబ్బ హోటలు కూడు ముట్టడు. జొన్నరొట్టె మూట ఒళ్లో పెట్టుకుని కారు నీడలో కూర్చున్నాడు. ఎదురుగా నూనెమిల్లుకు బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, తెచ్చిన బండ్లు వరసగా నిలిపి ఉన్నాయి. ఒక్కో బండికి ఒక్కో కందెన గొట్టం వేలాడుతూ ఉంది. వేసవి ఎండకు అందులో కందెన కరిగి నీళ్లలా ఉంది. ఇవన్నీ నేను తర్వాత ఒకదానికొకటి కలుపుకున్న సంగతులు. తిరిగి వచ్చేసరికి నాకు కనిపించింది, అబ్బ మట్టితో చేతులు రుద్దుకుంటూ, పెళ్లికూతురికి తలంటు పోసి వచ్చిన ముత్తైదువలా సంతోషంగా నవ్వడం మాత్రమే. నేను మనసులో చేతి గుర్తులు వల్లించుకుంటున్నాను. ఎందుకు నవ్వుతున్నావని అడగలేదు.

ఇన్‌స్పెక్టరు ఎక్కి కూర్చున్నాడు. మొదటి గేరులో బయల్దేరి, రెండో గేరులో నెమ్మదిగా ఒక వీధి తిరిగాను. చెయ్యి చాపాను, సున్నా చుట్టాను. "పాతబండే అయినా చప్పుడు లేకుండా బాగా ఉంచుకున్నారయ్యా" అన్నాడాయన. నేను పొంగిపోయాను. ఆ పొంగులోనే కాస్త వేగం పెంచాను. దారి పల్లంలోకి దిగింది. అప్పుడు ఠపీమని బెత్తం పడింది.

"ఆపు!"

బ్రేకు తొక్కాను. కాలు నేలకంటా పోయింది. కారు మాత్రం వెన్నలో కత్తిలా ముందుకు సాగిపోతూనే ఉంది. నేర్చుకున్న విద్య ఊరుకోదు కదా, కిటికీలోంచి చెయ్యి పైకెత్తాను. వెనక వచ్చే సైకిలువాడు ఆగాడు. వాడి వెనక జట్కా ఆగింది. జట్కా వెనక ఎద్దులబండి ఆగింది. ఆ వీధి మొత్తం మీద ఆగనిది నా కారు ఒక్కటే. కూడలిలో ఉన్న కానిస్టేబులు, చెయ్యెత్తి దీవిస్తూ వస్తున్న నన్ను చూసి కొత్త ప్రభుత్వంలో ఎవరో పెద్దమనిషి అనుకున్నాడు కాబోలు, అటు బండ్లూ ఇటు బండ్లూ నిలిపేసి సెల్యూట్ కొట్టాడు. (రాజధాని మూడేళ్లకే హైదరాబాదుకు తరలిపోయిందని మా వాళ్లు ఇప్పటికీ బాధపడతారు. ఆ సెల్యూటు తలుచుకుంటే నాకూ బాధే.)

"ఆపమంటే ఆపవేమయ్యా!"

"ఆపుతాండా సార్!"

"ఎక్కడ ఆపుతున్నావయ్యా?"

"అదే తెలుస్తాండ్లేదు సార్!"

ఆయనే చేతిబ్రేకు పట్టి లాగాడు. అదీ ఆ చక్రాలనే కదా పట్టాలి! జిల్లాలో ప్రతి బండి బ్రేకునూ పరీక్ష చేసే మనిషి బెత్తం వదిలేసి "నారాయణ, నారాయణ" అనడం మొదలుపెట్టాడు. ఇంజను ఆపవచ్చునన్న సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. పల్లం చివర నూనెమిల్లు వెనక గోడ, గోడకు ఆనించి మనిషి ఎత్తున బుడ్డల పొట్టు కుప్ప. నేను తిప్పానో, అదే తిరిగిందో, కారు తిన్నగా ఆ కుప్పలోకి పోయి మెత్తగా దూరింది. పైనుంచి పొట్టు జలజలమని కిటికీల్లోంచి మా ఒళ్లోకి పడింది. ఆ పొట్టులో నుంచి కూడా నా కుడిచెయ్యి పైకి లేచే ఉంది.

ఇన్‌స్పెక్టరు దిగాడు. మీసాల నిండా పొట్టు. చక్రం దగ్గర వంగి, లోపలికి వేలు పెట్టి, తీసి వాసన చూశాడు. "ఆముదం!" అన్నాడు. ఆ మాటలో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. "ఎవరయ్యా ఇది పోసింది?"

వెనక్కి చూశాను. దూరంగా పంచె ఎగగట్టుకుని అబ్బ పరుగెత్తుకు వస్తున్నాడు. మట్టి ఎంత రుద్దినా పోలేదు, చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. అప్పుడు అర్థమైంది నాకు. కోపం రాలేదని చెబితే అబద్ధం. నా లైసెన్సు, నా ప్యాంటు, నా కర్నూలు, అన్నీ ఆ నల్లటి చేతుల్లో పోయాయి. కానీ డెబ్బై ఏళ్ల ఆ ముసలాయన ముఖంలో ఉన్న సంతోషం చూస్తే, దాన్ని నలుగురిలో ఆర్పడానికి నోరు రాలేదు.

"నేనే సార్. చప్పుడు రాకుండా ఉంటుందని."

"బ్రేకులు తెగిన బళ్లు చూశాను, అసలు బ్రేకులే లేని బళ్లు చూశాను. బ్రేకులకు తలంటు పోసిన బండి ఇదే చూడ్డం. ఆరు నెలలు నా కంటబడకు" అని, పొట్టు దులుపుకుంటూ ఆయన నడిచి వెళ్లిపోయాడు.

అబ్బ రొప్పుతూ వచ్చాడు. "ఎంత దూరం తోలినావురా! దొర దిగేదానికే మనసు రాక కూచుండినట్టుండాదే! చూస్తివా, ఒక్క ఏడుపన్నా ఏడ్చిందా?"

"లేదబ్బా" అన్నాను. ఏడుపు నాకే మిగిలిందని చెప్పలేదు. పెద్దనాయనకు మాత్రం తడబడి వేరే పెడలు తొక్కానని చెప్పాను. "నాకు తెలుసు" అన్నాడాయన, ఇంటరు ఫలితాలు విన్నప్పటి గొంతుతోనే.

అబ్బ ఊరికి వచ్చి వారం రోజులు రచ్చబండ మీద చెప్పిందే చెప్పాడు. "బండిని నేను సరిజేసిస్తి. మావానికే చేతగాక పాయ." జనం నన్ను చూసి నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత సాయిబు వచ్చి చక్రాలు విప్పాడు. "యా అల్లా, ఏ మహానుభావుడు పోసినాడయ్యా ఆముదం! బ్రేకు ఎట్ల పడతాది?" అని అరిచాడు. నేను కళ్లతో వద్దని సైగ చేశాను. అబ్బ కొంచెం దూరంలో చుట్ట కాలుస్తూ కూర్చుని ఉన్నాడు. ఆయనకు వినపడలేదనే అనుకున్నాను. సాయిబు పెట్రోలుతో కడిగి కొత్త లైనింగు వేశాడు. కారు అరవడం మానేసింది, ఆగడం మొదలుపెట్టింది. అబ్బ రచ్చబండ మీద ఆ కథ చెప్పడం కూడా మానేశాడు. ముసలాయన మరిచిపోయాడనుకున్నాను.

ఏరువాక వచ్చింది, మడక పట్టాను. నా చాలు పాము పోయినట్టు పోయేది. తెల్లవారేసరికి అబ్బ నాకంటే ముందు లేచి ఎద్దులను కట్టి సిద్ధంగా ఉంచేవాడు. పొద్దెక్కగానే "ఇట్లియ్యి, నీ చాలు చూస్తే ఎద్దులు నవ్వుతాండాయి" అంటూ మడక నా చేతుల్లోంచి లాక్కుని తనే దున్నేవాడు. వద్దన్నా వినేవాడు కాదు. నా పని ఆయనకు నచ్చక అనుకున్నాను. బొబ్బలెక్కిన నా అరచేతులకు సాయంత్రాలు వెన్న రాసేవాడు కూడా.

ఆరు నెలలకు మళ్లీ పరీక్ష. అబ్బ ఈసారీ వచ్చాడు. కానీ కారు ఆగగానే దిగి, దారి దాటి అవతలి పక్కన నిలబడ్డాడు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని. నీడలోకి రమ్మన్నా రాలేదు, రొట్టె తినమన్నా తినలేదు. ఇన్‌స్పెక్టరు నన్ను గుర్తుపట్టి, ముందు నాలుగు చక్రాలూ వాసన చూసుకుని, తర్వాతే ఎక్కాడు. బెత్తం పడింది, కారు నిలబడింది.

లైసెన్సు పుస్తకం చేతికి వచ్చాక అబ్బకు ఇచ్చాను. చదువురాని మనిషి, తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"దీంట్లో ఎవురి పేరు రాసిండారు?"

"నాది. నాయనది కూడా ఉండాదబ్బా."

"నాది లేదు గదా?"

"నీదెందుకు ఉంటాది?"

"మంచిదాయలే" అని పుస్తకం తిరిగి ఇచ్చాడు. "ఆముదం పోసినోడు నేనని దొరకు తెలిసింటే నీకు ఈపొద్దు కూడా ఇచ్చేటోడు కాదు."

ఆరు నెలలుగా అబ్బకు తెలియకుండా ఒక రహస్యం దాస్తున్నానని ఛాతీ విరుచుకు తిరిగాను. ఆ ఆరు నెలలూ ఆయన నా కోసం దున్నాడు. అక్కడే, ఆ ఎండలో, కళ్ల నీళ్లు తిరిగాయి. దుమ్ము పడిందని చెప్పాను. కర్నూల్లో దుమ్ముకు కొదవలేదు కాబట్టి ఆయన నమ్మాడనే అనుకున్నాను. ఇప్పుడు ఆయన వయసుకు వచ్చాక, నేను చెప్పిన అబద్ధాలు నావాళ్లు ఎన్ని నమ్మినట్టు నటించి ఉంటారో లెక్కవేసుకుంటే నవ్వొస్తుంది. తాను నమ్మలేదని నాకు చెప్పి పోయినవాడు అబ్బ ఒక్కడే.