ఇనుముకి ఇనుము పట్టిన రోజు

మొన్న మనవడి ట్రాక్టరు రిపేరుకు వెళ్లి సాయంత్రానికల్లా తిరిగొచ్చింది. ఏమైందిరా అంటే, ఫ్లైవీలు రింగు అరిగింది, కొత్తది వేశారని ఫోను చూసుకుంటూనే చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. వాడికది చిన్న మాటే గాని, నాకు మాత్రం మా పాత ట్రాక్టరు కళ్ల ముందుకొచ్చింది.

తుంగభద్ర కాలువ వచ్చిన కొత్తలో కోస్తా నుంచి మూటాముల్లె సర్దుకుని మనవాళ్లు ఎంతమంది ఈ బళ్లారి జిల్లాకు వచ్చారో మీలో ఆ కాలం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. మా మామగారూ ఉన్న పొలం చెక్క అమ్ముకుని, కెంచనగుడ్డ దగ్గర నల్లరేగడి కొని, ఒక పాత ట్రాక్టరును నమ్ముకుని దిగారు. నేనప్పుడు కొత్త కోడలిని. ఇంజను వెనక ఫ్లైవీలనే బరువు చక్రం చుట్టూ బిగిసి ఉండే పళ్ల కడియం, అదే ఆ రింగు, ఒకవైపు అరిగిపోయి, బటను నొక్కితే స్టార్టరు గర్రుమని జారిపోయేదే తప్ప ఇంజను తిరిగేది కాదు. అందుకని దాన్ని ఎప్పుడూ కాలువ గట్టు మీదే ఆపి, వాలులోకి దొర్లించి లేపేవారు; మొండి దున్నపోతని మా అత్తగారు దానికి పేరు పెట్టారు. ఆ ఏడు అది సరిగ్గా దమ్ము చేసే మడి నడిమధ్య ఆగిపోయింది. బురదలో దొర్లించేదెక్కడ? నారు చూస్తే ముదిరిపోతోంది. ఈ పంట తప్పితే వెనక్కి పోవడమేనని మామగారు అన్నం ముందు కూర్చుని అన్నారు.

కొత్త కడియం మద్రాసు నుంచి ఎప్పటికొస్తుందో దేవుడికే తెలియాలి. ఎడ్లతో ట్రాక్టరును గట్టుకు లాగించారు గాని, దొర్లించి లేపినా మడిలో మళ్లీ ఆగితే ఇదే గతి; అందుకని మా వారూ మామగారూ ఇంజను విడదీశారు. ఊళ్లో బండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించే కమ్మరి తాత కడియాన్ని చుట్టూ తడిమి, రెండో పక్క పళ్లు బాగానే ఉన్నాయి, వేడిచేసి ఊడదీసి తిరగేసి ఎక్కిద్దామన్నాడు. ఇలాంటిది తనూ ఎప్పుడూ చెయ్యలేదనీ, పగిలితే ఉన్నదీ పోతుందనీ కూడా చెప్పాడు. మామగారు మడి వైపు చూసి, సరే కానీ అన్నారు.

ఊడదీసిన కడియాన్ని పిడకల మంటలో గుండ్రంగా, అన్ని వైపులా ఒక్కలాగే కాగేటట్టు పెట్టారు. బండి పట్టా ఎక్కించగానే ఆడవాళ్లం చుట్టూ నిలబడి నీళ్లు గుమ్మరించడం వాడుక కదా, మేమూ బిందెలెత్తుకుని సిద్ధంగా ఉన్నాం. తాతా, మా వారూ పట్టకార్లతో కడియాన్ని ఎత్తి, తిరగేసి ఫ్లైవీలు మీదికి దించారు. సమ్మెట దెబ్బ ఒక్కటీ పడలేదు. అంత బిగువుగా ఉండి ఊడనంటే ఊడనన్న ఇనుము వేడికి విచ్చుకుని, గాజు చేతికెక్కినంత మెత్తగా జారి కూర్చుంది. అత్తగారు బిందె వంచబోయారు.

"పోయాకండమ్మా!" తాత చెయ్యి అడ్డం పెట్టాడు. "కట్టె కాల్తాదని బండికి పోస్తాం. ఇది ఇనుముకి ఇనుము. నీళ్లు పడితే పగుల్తాది. దాని పాటికి అదే సల్లారల్ల."

బిందెలు దించి, అందరం ఆ గట్టు మీదే కూర్చున్నాం. కడియం ముడుచుకుంటూ సన్నగా టిక్కుటిక్కుమంటుంటే, లోపల ఎవరో బిగిస్తున్నారా అనిపించింది. మర్నాడు ఇంజను బిగించి మామగారు బటను నొక్కగానే ఒక్క పట్టుకు అది గుడగుడమంది. ఆయన దిగి వచ్చి, తన కన్న తండ్రికి పెట్టినట్టు ఆ కమ్మరి తాతకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు. మేం ఈ నేల మీద నిలిచిపోయాం.

ఇప్పుడు ఏది అరిగినా కొత్తది దొరుకుతుంది, ఏ పనీ ఆగదు, సంతోషమే. కాని ఒక మనిషి చేతి పని చూసి ఊపిరి బిగబట్టి నిలబడి, నాకెన్నేళ్లయిందో.